బొగ్గు మచ్చలు

మా బాపు ఎడమ మోచేతి కింద ఒక నీలి మచ్చ ఉండేది. నుదుటి మీద ఇంకొకటి, మోకాలి పక్కన పొడుగ్గా మరొకటి, వీపు నిండా చిన్నవీ పెద్దవీ చాలా. బెల్లంపల్లిలో బాయి పని చేసిన మగవాళ్ళ ఒంటి మీద ఇవి లేకపోతేనే వింత. బాయి అంటే మాకు బొగ్గుగని. లోపల బొగ్గు పెళ్ల జారి తగిలి తోలు తెగుతుంది, ఆ గాయంలోకి బొగ్గు నుసి దిగుతుంది, సరిగ్గా కడిగేలోపే పైన తోలు కమ్ముకుంటుంది. లోపల చిక్కిన నుసి నీలంగా కనిపిస్తూ మనిషి ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. పెరగదు, తరగదు, నొప్పి పెట్టదు. మా అవ్వ, అంటే అమ్మ, పసుపూ శనగపిండీ కలిపి ఎంత రుద్దినా ఒక్కటి కూడా పోలేదు.

డెబ్బైల మొదట్లో నేను బడికి పోయే పిల్లను. మొదటి షిఫ్టు దిగి వచ్చిన బాపు క్వార్టర్ ముందున్న బండ మీద కూర్చుని స్నానం చేసేవాడు. నేను చెంబుతో నీళ్ళు పోసేదాన్ని. అప్పుడప్పుడే మాటలు వస్తున్న మా తమ్ముడు బాపు వెనక నిలబడి ఒక మచ్చ మీద వేలు పెట్టి "ఇది?" అనేవాడు. ఆ మచ్చ ఏ బాయిలో పడింది, బాయి పైకప్పు ఎట్లా జారింది, పక్కన ఎవరున్నారు, ఎవరు లాగారు అన్నీ బాపు చెప్పేవాడు. వాడు ఇంకో మచ్చకు పోయేవాడు. ఎన్నిసార్లు విన్నా వాడికి విసుగు పుట్టేది కాదు. ఎదురు క్వార్టర్‌లో ఉండే బాపు జోడీదారు కూడా ఒక్కోసారి గుమ్మంలో కూర్చుని వినేవాడు. వాళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి కలిసి పట్టాల మీద నడిచే ఒకే బొగ్గు టబ్బు నింపిన కోల్‌ఫిల్లర్లు. ఆయన్ను మేం పెద్దబాపు అనేవాళ్ళం. బాపు చెప్పే కథలో ఏదైనా తప్పిపోతే ఆయన అందించేవాడు.

పెద్దబాపు ముందు పని మానేశాడు. కొన్నేళ్ళకు బాపు తన ఉద్యోగం వదులుకుని అందులో తమ్ముణ్ణి పెట్టించాడు. నేను అప్పటికే టీచరునై, పెళ్ళయి మంచిర్యాలలో ఉన్నాను. బాయి దిగిన ఏడాదిలోనే తమ్ముడి పిక్క మీద పెళ్ల పడి మచ్చ తేలింది. కొత్తగా దిగినవాడికి మొదటి మచ్చ పడితే తోటివాళ్ళకు కల్లు పోయించడం మా వాడకట్టులో అలవాటు. బాపు కల్లు పోయించి, ఇంటింటికీ జిలేబీ కూడా పంచాడు. కొడుకు కాలు తెగితే ఈ సంబరమేమిటని నేను కోప్పడ్డాను. నాకు కోపం ఎక్కువ, మా ఇంట్లో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఎవరూ పట్టించుకోలేదు.

తొంభైల మధ్యలో ఒక ఎండాకాలం తమ్ముడి పాదం మీద ఇంకో మచ్చ వచ్చింది. నేరేడు పండు రంగు. నొప్పి లేదు, దురద లేదు. ఎక్కడ తాకిందో వాడికి గుర్తు లేదు. బాపు కళ్ళజోడు పెట్టుకుని చూసి బొగ్గు మచ్చేనన్నాడు. బాయిలో రోజుకు ఎన్నో తాకుతాయి, అన్నీ ఎవరికి గుర్తుంటాయన్నాడు. అవ్వ పసుపు రాసింది. అంతటితో అయిపోయింది.

ఈ తప్పు మా ఊళ్ళోవాళ్ళు తప్ప ఇంకెవరూ చేసి ఉండరు. పొలం పని చేసేవాడి కాలి మీద అలాంటి మచ్చ పడితే నెలలోపే ఎవరికో ఒకరికి చూపించేవాళ్ళు. కుష్టేమోనన్న భయంతోనైనా దవాఖానకు పోయేవాళ్ళు. మాకు మచ్చ అంటే భయం లేదు.

తరవాత తొడ మీద వచ్చింది. ఛాతీ మీద వచ్చింది. ముక్కు కొన మీద శనగ గింజంత ఊదా రంగు మచ్చ లేచింది. అప్పుడే భైంసా దిక్కు నుంచి వాడికి సంబంధం వచ్చింది. వాళ్ళు పత్తి పండించే రైతులు, బాయి ఎలా ఉంటుందో చూసినవాళ్ళు కారు. పిల్ల తండ్రి వాడి ముక్కు వైపే చూస్తున్నాడు. బాపు చొక్కా చేతులు పైకి మడిచి తన మచ్చలు చూపించాడు. బొగ్గు తల్లి పెట్టిన బొట్లని నవ్వాడు. ఆయనా నవ్వాడు. పత్తి ఏరడం అయిపోయాక పెళ్ళి అని మాట అనుకున్నారు.

నేను అక్కడే ఉన్నాను. వాళ్ళు బస్సెక్కాక తమ్ముడి ముక్కు మీద వేలు పెట్టి చూశాను. గట్టిగా, ఉబ్బుగా ఉంది. బాపు మచ్చలేవీ చేతికి తగలవు. ఆ మాట అంటే బాపుకు కోపం వచ్చింది.

"బడిల పాఠాలు చెప్పుకునేదానివి, నీకేమెరుక బాయి సంగతి?"

ఆ చలికాలం వాడికి జ్వరం పట్టుకుంది. వచ్చేది, తగ్గేది, మళ్ళీ వచ్చేది. మనిషి సగమయ్యాడు. ఒక ఆదివారం మంచిర్యాల వచ్చాడు. చికెన్ కూర వాడికి ప్రాణం. ఒక ముద్ద పెట్టుకుని కళ్ళ నీళ్ళతో కంచం జరిపేశాడు. నోరు మండుతున్నదన్నాడు. కిటికీ దగ్గరికి తీసుకుపోయి నోరు తెరవమన్నాను. అంగుట్లో, పైన, ఊదా రంగు గడ్డ ఉంది. నోట్లో పెళ్ల పడదు కదా.

మరునాడే బెల్లంపల్లి పోయి బాపుకు చెప్పాను. ఆయన, తాము రోజూ బొగ్గు నుసి మింగుతూనే బతికామని, నోట్లోకి పోకుండా ఎక్కడికి పోతుందని గొణిగాడు. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆయనకు తెలిసిపోయింది. తెలిసీ అంటున్నాడు. నేను అరిచాను. నీ మచ్చల కథలు నా తమ్ముణ్ణి తింటున్నాయన్నాను. అవ్వ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

కరీంనగర్‌లో చర్మ డాక్టరుకు చూపించాను. ఆయన ముక్కు మీది మచ్చను వేలితో నొక్కాడు. రంగు మారలేదు. టార్చి వేసి నోట్లో చూశాడు. ఆ తరవాత లేచి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. రక్తం పరీక్ష చేయించాలి, హైదరాబాద్ పోండి అని మాత్రం అన్నాడు. దేనికి పరీక్ష అని అడిగితే నా ముఖంలోకి చూడలేదు.

హైదరాబాద్ పెద్ద దవాఖానలో తొడ మీది మచ్చ నుంచి ఒక ముక్క తీశారు, రక్తం తీశారు. ఫలితం వచ్చిన రోజు పెద్ద డాక్టరు చదువుకునే పిల్లలందరినీ పిలిచాడు. తమ్ముణ్ణి చొక్కా విప్పి నిలబెట్టారు. వాళ్ళు వాడి చుట్టూ తిరిగి ముక్కు, ఛాతీ, కాళ్ళు, నోరు చూశారు. ఇది పుస్తకంలో చూడడమే గానీ మన దగ్గర దొరకడం అరుదని పెద్ద డాక్టరు వాళ్ళకు చెబుతున్నాడు. ఒకమ్మాయి బొమ్మ గీసుకుంటోంది. వాడు తల వంచుకుని పైజామా బొందు పట్టుకుని నిలబడ్డాడు. అక్కడున్న ప్రతి ఒక్కరినీ చెప్పు తీసుకుని కొట్టాలనిపించింది. కొట్టలేదు. వాళ్ళ చేతుల్లోనే కదా ఏదైనా ఉంటే ఉండేది.

వాళ్ళు పోయాక డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. కపోసీ సార్కోమా అన్నాడు. రక్తనాళాల లోపలి పొర నుంచి పుట్టే క్యాన్సర్. ఒంట్లో శక్తి ఉన్న మనిషి దగ్గరికి మామూలుగా రాదు. హెచ్‌ఐవీ ఎప్పుడో వచ్చి లోపల అంతా తినేసింది, అందువల్ల ఇది బయటపడింది అన్నాడు. తమ్ముడు అంతా విన్నాడు. విని తన పిక్క మీది పాత మచ్చనూ పాదం మీది కొత్తదాన్నీ చూపించాడు.

"అయితే గివన్ని బొగ్గు కావా సార్?"

"బొగ్గేమిటి?" అన్నాడు డాక్టరు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు.

ఎట్లా వచ్చిందని అందరూ అడిగారు. మీకూ అడగాలనే ఉంటుంది. నేను వాణ్ణి అడగలేదు, ఇప్పుడు చెప్పేదీ లేదు. టైఫాయిడ్ వచ్చినవాణ్ణి ఎవరూ అట్లా అడగరు.

మందు ఉందా అంటే, మచ్చలకు సూదిమందు ఉంది, కొంత తగ్గిస్తుంది అన్నాడు. అసలు జబ్బుకు వేరే దేశాల్లో ఏవో కొత్త మందులు వస్తున్నాయట, ఇక్కడ మా వంటివాళ్ళకు అందేవి కావట. ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు, ఒక్క తువాలుతో తుడుచుకున్నా రాదని గట్టిగా చెప్పాడు. అదొక్కటే ఆయన మాకు ఇవ్వగలిగింది.

తిరుగు రైలులో కాజీపేట దాటేదాకా వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నేనే ఏదో ఒకటి చెబుతున్నాను. సూదులు వేయించుకుందాం, నయమైనవాళ్ళు ఉన్నారట అని నోటికి వచ్చిన అబద్ధాలు చెబుతున్నాను. వాడు కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగాడు.

"అక్కా, గా లారీ డ్రైవర్‌ను ఎట్ల తీస్కపోయిండ్రో నేను చూసిన. తాడు కట్టి చెత్త ట్రాక్టర్ల ఏసిండ్రు. ఒక్కడు చెయ్యి ఏయలే. నన్నట్ల పోనియ్యకు. మనోళ్ళు భుజం మీద మోస్తె చాలు."

అంతకు ముందు ఏడాది మా వెనక క్వార్టర్ల లైనులో జరిగింది అది. ఆ డ్రైవరుకు ఎయిడ్స్ అని తెలిసి పెళ్ళాం తరఫువాళ్ళు కూడా రాలేదు. మునిసిపాలిటీ ట్రాక్టరు వచ్చింది. తమ్ముడు ఆ రోజు వచ్చి అన్నం తినలేదని అవ్వ చెప్పింది. నీకేం కాదు, పిచ్చిమాటలు మాట్లాడకు అన్నాను. వాడు నా చెయ్యి పట్టుకుని వదలలేదు. ట్రాక్టర్ ఎక్కనివ్వను అన్నాను. అప్పుడు వదిలాడు.

వాడే నన్ను భైంసా పంపాడు. పిల్ల తరఫువాళ్ళకు సంబంధం వద్దని చెప్పి, కారణం చెప్పకుండా తిట్లన్నీ తిని వచ్చాను. ఆ తరవాత సంగతి ఎట్లా పాకిందో తెలియదు. వారం తిరగకుండా వాడకట్టంతా తెలిసింది. హోటల్లో వాడి చాయ్ గ్లాసు వేరే పెట్టారు. మంగలి గడ్డం గీయనన్నాడు. బాపు కొత్త కత్తెర, రేజరు కొనుక్కొచ్చి తానే గీసేవాడు, తానే జుట్టు కత్తిరించేవాడు. వంకరటింకరగా ఉండేది. కుళాయి దగ్గర అవ్వ బిందె పెడితే మిగతావాళ్ళు తమ బిందెలు జరుపుకునేవాళ్ళు. మా ఇంటాయన మంచివాడే, కానీ పిల్లల్ని బెల్లంపల్లి తీసుకుపోవద్దన్నాడు. డాక్టరు చెప్పిన మాటలు మా స్టాఫ్‌రూమ్‌లో, బస్సులో, వాడకట్టులో చెప్పి చెప్పి నా గొంతు పోయింది. అందరూ తలలు ఊపేవాళ్ళు. ఊపి ఒక అడుగు వెనక్కి జరిగేవాళ్ళు.

పెద్దబాపు కూడా రావడం మానేశాడు. ఎదురు క్వార్టర్ తలుపు దగ్గరికి వేసి ఉండేది. బాపు అటు చూసి మళ్ళీ తల తిప్పుకునేవాడు.

సూదులు పని చేశాయి, కొన్నాళ్ళు. ఛాతీ మీది మచ్చలు పలుచబడ్డాయి. ముక్కు మీదిది అణిగింది. బొగ్గు బయటికి పోతున్నదని బాపు అవ్వతో అనడం విన్నాను. డాక్టరు చెప్పిందంతా నేను ఆయనకు పూసగుచ్చినట్టు చెప్పి ఉన్నాను. అయినా అట్లాగే అనేవాడు, ఎవరు ఎదురుపడినా బొగ్గు మచ్చలనే చెప్పేవాడు. నాకు ఆయన మీద కోపం ఆరలేదు. మొదటి మచ్చ పడ్డప్పుడే చూపించి ఉంటే, అని అన్నం ముందు కూర్చున్నా అదే. డాక్టరు మాత్రం ముందు వచ్చినా పెద్ద తేడా ఉండేది కాదన్నాడు. ఆ మాట నాకు ఓదార్పు కాలేదు. కోప్పడడానికి మనిషంటూ మిగలకపోతే నేనేమైపోవాలి?

వానలు పడ్డాక మళ్ళీ మొదలైంది. ఎడమ కాలు తొడ దాకా వాచి రాయిలా అయింది. మచ్చలు ఒకదానికొకటి కలిసిపోయాయి. ముఖం ఉబ్బి కళ్ళు సన్నబడ్డాయి. దగ్గితే రక్తం పడేది. ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నారు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నేను బడికి సెలవు పెట్టి బెల్లంపల్లిలోనే ఉండిపోయాను. కనపడిన దేవుడికల్లా మొక్కాను, మొక్కిన దేవుణ్ణే తిట్టాను. వాడు ఊపిరి కోసం మెడ సాచి కొట్టుకుంటుంటే, ఈ రోజే పోనీ అనుకున్నాను. కాసేపు తేరుకుని నీళ్ళు అడిగితే, పోవద్దు అనుకున్నాను.

అట్లా తేరుకున్న ఒక పొద్దున బాపు తడిగుడ్డతో వాడి ఒళ్ళు తుడుస్తున్నాడు. వాడు చెయ్యి లేపి ఛాతీ మీద పెద్ద మచ్చ మీద వేలు పెట్టుకున్నాడు.

"ఇది, బాపూ?"

చిన్నప్పటి ఆటే. వాడి పెదాల మీద నవ్వు లాంటిది ఉంది. బాపు గుడ్డ పిండాడు. మళ్ళీ పిండాడు. గిన్నె తీసుకుని బయటికి పోయి బండ మీద కూర్చున్నాడు. నాకు కిటికీలోంచి ఆయన వీపు కనిపిస్తోంది. ఆ రోజు ఆయన లోపలికి రావడానికి చాలాసేపు పట్టింది.

దసరాకు కొన్నాళ్ళ ముందు, తెల్లారాక, అవ్వ ఒళ్ళో తల పెట్టుకుని వాడు పోయాడు.

వాడకట్టు వచ్చింది. రాకుండా ఉండలేదు, కానీ రోడ్డుకు అవతలే నిలబడింది. బాపుతో పనిచేసినవాళ్ళు, తమ్ముడితో షిఫ్టుకు పోయినవాళ్ళు, అందరూ చేతులు కట్టుకుని వేపచెట్ల కింద ఉన్నారు. కుల పెద్ద ఒకాయన కొంచెం ముందుకు వచ్చి, అందరికీ మంచిదని ట్రాక్టర్ మాట్లాడామని బాపుతో చెప్పాడు. ట్రాక్టర్ అప్పటికే లైను చివర ఆగి ఉంది. నేను నోరు తెరిచాను. డాక్టరు చెప్పినవన్నీ మళ్ళీ చెప్పాను, బతిమాలాను, తిట్టాను. వాడికి మాటిచ్చానని ఏడ్చాను. ఎవరూ కదలలేదు.

బాపు లోపలికి పోయి కొడుకును నడుము కింద చేతులు వేసి లేపబోయాడు. లేవలేదు. నేను కాళ్ళు పట్టుకున్నాను. ఇద్దరం కలిసి తెచ్చి బండ మీద పడుకోబెట్టాం. ఆడది పట్టకూడదని అనడానికి కూడా ఎవరూ దగ్గర లేరు. కాగులో నీళ్ళు తెచ్చాను. బాపు తన చొక్కా విప్పి పక్కన పెట్టాడు. ఆయన వీపు మీది నీలి మచ్చలు అందరికీ కనిపిస్తున్నాయి. వంగి కొడుకు మీద నీళ్ళు పోశాడు, పసుపు రాశాడు. రాస్తూ పిక్క మీది మచ్చ మీద వేలు ఆపాడు.

"ఇది మొదటిది. పెళ్ల పడ్డది. కల్లు తాగిండ్రు మీరు."

పెద్దగా అనలేదు. కానీ చెట్ల కింద దాకా అందరికీ వినిపించింది. బాపు వేలు పాదం మీదికి పోయింది.

"ఇది టబ్బు చక్రం ఎక్కింది."

ముక్కు మీదికి పోయింది. కప్పుకు ఊతంగా పెట్టిన దుంగ పెచ్చు చీరుకుపోయిందన్నాడు. తొడ మీదిది కప్పు జారినప్పటిదన్నాడు. ఏ బాయో, ఏ షిఫ్టో చెబుతున్నాడు. ఒక్కటీ జరగలేదు. తమ్ముడితో దిగినవాళ్ళంతా అక్కడే ఉన్నారు, జరగలేదని వాళ్ళకు తెలుసు. వాళ్ళ ఒళ్ళ నిండా బొగ్గు మచ్చలే. బొగ్గు మచ్చ ఎలా ఉంటుందో ఎలా ఉండదో ఆ చెట్ల కింది మగవాళ్ళకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. బాపు చివరికి ఛాతీ మీది పెద్ద మచ్చ మీద అరచెయ్యి పెట్టాడు. అది ఒక్క వేలికి సరిపోయేది కాదు.

"ఇది…" అని ఆగిపోయాడు.

ఎదురు క్వార్టర్ తలుపు తెరుచుకుని ఉంది. పెద్దబాపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అది అయిదో నంబర్ బాయిల," అన్నాడు. "మందు పేల్చినప్పుడు పెచ్చు ఎగిరి పడ్డది. ఆ పొద్దు నేను పక్కనే ఉన్న."

పెద్దబాపు పని మానేసిన ఎంతో కాలానికి గానీ మా తమ్ముడు బాయి దిగలేదు. ఆయన రోడ్డు దాటి వచ్చాడు. నా చేతిలోంచి చెంబు తీసుకుని బాపు రుద్దుతుంటే నీళ్ళు పోశాడు. చెట్ల కింద నుంచి ఒకతను వచ్చాడు, తమ్ముడి షిఫ్టువాడు. తరవాత ఇంకొకరు. ఎవరో పాడె కట్టడానికి వెదురు బొంగులు తెమ్మన్నారు. కుల పెద్ద ట్రాక్టర్ దగ్గరికి పోయి డ్రైవరుతో ఏదో మాట్లాడాడు. అది వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

మావాళ్ళు వాణ్ణి భుజాల మీద మోసుకుపోయారు. బాపు ముందు నిప్పు కుండ పట్టుకుని నడిచాడు. నేను, అవ్వ బండ దగ్గర మిగిలాం. పసుపు నీళ్ళు ఇంకా రోడ్డు మీదికి పారుతున్నాయి. అవ్వ ఏడుస్తూ చీపురు తీసుకుని వాటిని ఊడుస్తోంది.

బాపు మీద నా కోపం ఆ రోజుతో పోలేదు. కొంత ఆయనతోనే పోయింది, కొంత ఇప్పటికీ ఉంది. ఆయన ప్రతి మచ్చకూ ఒక కథ చెప్పాడు. నోట్లో ఉన్నదాని గురించి మాత్రం ఏమీ చెప్పలేదు. స్నానానికి ముందే నోరు తెరుచుకోకుండా దవడ కింద నుంచి గుడ్డ చుట్టి కొడుకు తల మీద గట్టిగా ముడి వేశాడు.